ఐదేళ్ల పదవికి నాలుగే వేసవులు: గోదావరి డెల్టా శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టా నియోజకవర్గాల గౌరవ శాసనసభ్యులకు, ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల, ఉపాధ్యాయ నియోజకవర్గాల నుంచి ఎన్నికైన శాసనమండలి సభ్యులకు నమస్కారం.

మురుగు కాలువల్లో పూడిక తీయించమని ఊరూరి నుంచి అర్జీలు వెళ్లాయి. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చినవాటికి రసీదు నంబర్లు వచ్చాయి. కొన్నాళ్లకు "సంబంధిత అధికారికి పంపడమైనది" అన్న ఒక్క ముక్కతో అర్జీ పరిష్కారమైనట్టు ఫోనుకి సందేశం వచ్చింది. కాలువలో గుర్రపుడెక్క మాత్రం ఉన్నచోటే ఉంది. అందుకే ఈసారి అధికారులకు కాక మీకు రాస్తున్నాం, నలుగురూ చదివేలా రాస్తున్నాం. ఇంజినీరు తనకిచ్చిన డబ్బుతో, తనకిచ్చిన గడువులో పనిచేస్తాడు. ఆ డబ్బూ ఆ గడువూ ఖాయమయ్యేది మీరు కూర్చునే సభలో, మీరు పాల్గొనే సమావేశాల్లో.

ముందు ఒక లెక్క. రాజ్యాంగం 172వ అధికరణం శాసనసభకు ఐదేళ్ల గడువిచ్చింది. మన మురుగు కాలువల్లో నిఖార్సయిన పని జరిగేది మాత్రం వేసవిలోనే. దాళ్వా (రెండో పంట) కోతలై, ప్రధాన కాలువలు కట్టేసిన (నీళ్లు ఆపేసిన) దగ్గర్నుంచి సార్వాకు (వానాకాలపు మొదటి పంటకు) మళ్లీ నీళ్లు వదిలేదాకా, అంటే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా, గట్టిగా నలభై అయిదు, యాభై రోజులు. శాసనసభ్యులైన మీ ఎన్నిక ఫలితం వచ్చింది 2024 జూన్ 4న. ఆ వేసవి అప్పటికే అయిపోయింది. మీ పదవిలో పడే వేసవులు 2025, 2026, 2027, 2028, 2029. చివరిది ఎన్నికల కోడ్ కింద పోతుంది. 2019లో షెడ్యూలు మార్చి 10న వచ్చింది, 2024లో మార్చి 16న వచ్చింది. కోడ్ వచ్చేనాటికి నేల మీద మొదలైన పనిని సాగించవచ్చు గాని కొత్త పనికి కొబ్బరికాయ కొట్టకూడదు. అంటే మిగిలినవి నాలుగు. మధ్యలో స్థానిక ఎన్నికలు వేసవిలో పడితే ఇంకొకటి సగానికి తెగుతుంది. 2021లో పరిషత్ పోలింగ్ ఏప్రిల్ 8న జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

శాసనసభ్యుడి రాజకీయ జీవితాన్ని పత్రికలు ఎన్నికలతో కొలుస్తాయి. ఎన్నిసార్లు గెలిచారు, ఎంత మెజారిటీ, మంత్రి పదవి వచ్చిందా. పల్లపు చేలున్న రైతు వేసవులతో కొలుస్తాడు. మన గడ్డ మీద పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1996 ఉప ఎన్నికలో ముమ్మిడివరం నుంచి శాసనసభకు వెళ్లి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. శాసనసభలో ఆయన ఉన్నది రెండేళ్లలోపే. గౌతమి మీద యానాం, ఎదుర్లంకలను కలిపిన వంతెనకు నేటికీ ఆయన పేరే. మీకు ఐదేళ్లున్నాయి. దయచేసి కింది అంశాలు చదవండి.

1. మురుగు ఎందుకు దిగదు

ధవళేశ్వరం ఆనకట్ట కింద పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఉంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచీ నీళ్లు తెచ్చే కాలువల గురించే అందరి మాట. తెచ్చిన నీళ్లు, కురిసిన వాన దిగిపోయే దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చేలో బోదె, బోదె నుంచి కోడు, కోడు నుంచి చిన్న డ్రెయిన్, అక్కడి నుంచి మేజర్ డ్రెయిన్, చివరికి ఏటిపాయో ఉప్పుటేరో సముద్రపు మొగో (నీరు సముద్రంలో కలిసే చోటు). కోనసీమలో కౌశిక, కూనవరం, శంకరగుప్తం. తూర్పు డెల్టాలో తుల్యభాగ. పశ్చిమ డెల్టాలో యనమదుర్రు, గొంతేరు, నక్కల. ఇవి డెల్టాకు మూత్రపిండాల్లాంటివి.

తీరం దగ్గరి చేలు సముద్రమట్టానికి చాలా కొద్ది ఎత్తులో ఉన్నాయి. పోటు వచ్చినప్పుడు మొగలో నీరు డ్రెయిన్ మట్టం కంటే పైకి లేస్తుంది. అంతసేపూ మురుగు కదలదు. పాటు మీదే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే, దిగాలి. రోజుకు రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరీ పెద్దది. దొరికిన ఆ కొద్ది గంటల్లో నీరు వడిగా పోవాలంటే డ్రెయిన్‌కి నిండు వెడల్పు, నిండు లోతు ఉండాలి. సగం పూడితే సగం నీరైనా పోతుందిలే అనుకుంటారు. అలా జరగదు. వెడల్పాటి డ్రెయిన్‌లో నీటి లోతు సగమైతే పారుదల మూడోవంతుకు పడిపోతుంది. పైన గుర్రపుడెక్క పరుచుకుంటే ఆ వడి కూడా చస్తుంది. వంతెన ఖానాల దగ్గర అదే అడ్డుకట్ట అయి కూర్చుంటుంది.

మొగ దగ్గర అలలు ఇసుక మేట వేస్తాయి. అక్కడి తూముకు, అంటే అవుట్‌ఫాల్ స్లూయిస్‌కు ఉన్న షట్టరు తుప్పుపట్టి తెరిచినచోటే బిగుసుకుపోతే ఉప్పునీరు ఎగదన్ని ఊళ్లలోకి వస్తుంది. మూసినచోటే బిగుసుకుపోతే మురుగు లోపలే ఉండిపోతుంది. షట్టరుకి ఏటా కావాల్సింది గ్రీజు, రబ్బరు సీలు, ఒక మనిషి. షట్టరు చూసుకునే లస్కరు పోస్టు ఖాళీగా ఉన్నచోట ఆ మనిషే లేడు.

2. వేసవి పని ఎలా చెడుతోంది

పద్ధతి ప్రకారం అంచనాలు డిసెంబరు, జనవరిలో తయారవ్వాలి. ఫిబ్రవరిలో పరిపాలనా ఆమోదం రావాలి. మార్చిలో టెండరు, ఏప్రిల్ మొదటివారంలో ఒప్పందం. కాలువలు కట్టేసే రోజుకు పొక్లెయిన్ గట్టు మీద ఉండాలి. ఇందులో ఒక్క మెట్టు నెల జారితే మొత్తం జారుతుంది. ఆమోదం ఏప్రిల్‌లో వస్తే టెండరు మేలో పడుతుంది, ఒప్పందం జూన్‌లో అవుతుంది. అప్పటికి డ్రెయిన్ నిండా నీళ్లు. పాత బిల్లులు అందని కాంట్రాక్టరు ఆ టెండరు అసలు వెయ్యడు.

నీళ్లున్న డ్రెయిన్‌లో పని జరిగితే ఏమవుతుందో దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. మామూలు పొక్లెయిన్ చెయ్యి తొమ్మిది పది మీటర్లు అందుతుంది, లాంగ్ బూమ్ అయితే పదిహేను. నలభై మీటర్ల వెడల్పున్న డ్రెయిన్‌లో గట్టు మీద నుంచి మామూలు మిషనుతో గీకితే అంచుల్లో తూడు, డెక్క పైకి వస్తాయి, నడిమి మేట కదలదు. నడిమికి పంటు (నీటి మీద తేలే బల్లకట్టు) మీద మిషను ఎక్కించాలి. తీసినదాన్ని గట్టు లోపలి వాలు మీదే కుప్పపోస్తే మొదటి పెద్ద వానకు తిరిగి కాలువలోనే పడుతుంది. పూడిక కొలవాలంటే పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడ్డకోతల వెంట లెవెల్స్ (మట్టం కొలతలు) తీసి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించాలి. నీటి కింద ఎంత మట్టి తీశారో చూసేవాడెవడు? డబ్బు ఖర్చయినట్టు ఉంటుంది, మేట ఉన్నట్టే ఉంటుంది.

గుర్రపుడెక్కకు మందు కొట్టి వదిలేయడం ఇంకో పద్ధతి. చచ్చిన డెక్క అడుక్కి దిగి కుళ్లి పూడికే అవుతుంది. దాని విత్తనం బురదలో ఏళ్లతరబడి బతుకుతుంది. తీసి గట్టు అవతల పడెయ్యాల్సిందే.

3. ఒక ఏడాది ఆలస్యం మరుసటి ఏడాదిని తింటుంది

సార్వాలో మన డెల్టాకు అలవాటైన ఎంటీయూ 7029, మనం స్వర్ణ అనేది, 1982లో మార్టేరు నుంచి వచ్చిన రకం. సుమారు నూట యాభై రోజుల పంట. జూన్ మధ్యలో నారు పోస్తే నవంబరు రెండో వారానికి కోతకొస్తుంది. డ్రెయిన్ దిగక, నారుమళ్లు మునిగి, మళ్లీ పోయాల్సివస్తే కోత డిసెంబరు మధ్యకు పోతుంది. తుపాన్లు ఎక్కువగా ఆ మధ్యలోనే. తర్వాత దాళ్వా జనవరి నెలాఖరుకు జరుగుతుంది. దానికి ఏప్రిల్ ఆఖరు దాకా నీళ్లివ్వాలి. గోదావరిలో సహజ ప్రవాహం తగ్గి సీలేరు జలాశయాల నీళ్ల కోసం ఎదురుచూసే రోజులవి. కాలువలు కట్టేది ఆలస్యమవుతుంది, పని రోజులు ఇరవైకి పడిపోతాయి, డ్రెయిన్ అలాగే మిగులుతుంది. మళ్లీ జూన్. ఈ చక్రాన్ని రైతు ఒక్కడూ తెంచలేడు. ఒక్క వేసవి సరిగ్గా పనిచేస్తే తెగుతుంది.

4. మునిగిన చేనులో జరిగేది

ఊడ్చిన పది పదిహేను రోజుల్లోపు ముంపు వచ్చి వారం దిగకపోతే దుబ్బు కుళ్లుతుంది. ఎకరానికి మళ్లీ ఇరవై, ఇరవై అయిదు కిలోల విత్తనం, మళ్లీ దమ్ము, మళ్లీ ఊడ్పు కూలీ. నారు దొరక్కపోతే ఆ మడి ఖాళీ.

కోతకొచ్చిన చేను నవంబరు వానకు పడిపోయి నీళ్లలో నానితే కంకి మీదే మొలకలొస్తాయి. టైరు మిషను దిగబడుతుంది, చైను మిషను తెప్పించాలి. దానికి గంట అద్దె ఎక్కువ, పడిన చేను కోయడానికి పట్టే గంటలూ ఎక్కువే. నూర్చిన ధాన్యం తేమ 17 శాతానికి దిగితేనే కొనుగోలు. బరకాలు అద్దెకు తెచ్చి రోడ్డు మీద ఆరబోస్తే రాత్రి మంచుకు మళ్లీ తేమ ఎక్కుతుంది. ఆ వారంలో రైతు చేతిలో సంచుల్లేవు, లారీ లేదు, నిద్ర లేదు. బయట వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేస్తాడు. మద్దతు ధర ఎంతుందో తెలియక కాదు.

నష్టపరిహారం మాటకొస్తే, పంట 33 శాతం పైన పోతేనే లెక్కలోకి వస్తుంది. విపత్తు సహాయ నిధికి కేంద్రం ఇచ్చిన 2022-26 నిబంధనల్లో నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే ఏడు వేలు నిండదు. రాష్ట్రం దానిమీద వేసిచ్చినా, మునిగిన పంట పెట్టుబడి ఎంతో మీ నియోజకవర్గంలో ఏ రచ్చబండ మీద అడిగినా చెబుతారు. నష్టం అంచనా వేసే బృందం నీళ్లు దిగాక వస్తుంది. దిగేటప్పటికి ఊడ్చిన మడి ఏదో, ఊడ్చనిది ఏదో పోల్చుకోవడం కష్టం.

5. కౌలు రైతుకు జరిగేది

మన డెల్టాలో భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది. మక్తా, అంటే కౌలు, బస్తాల లెక్కన ముందే మాట్లాడుకుంటారు. చేను మునిగినా మక్తా మునగదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం చెయ్యాలి. ఆ కార్డుకి పదకొండు నెలలే ఆయుష్షు. చట్టం పుస్తకంలో కార్డు భూమి మీద హక్కునేమీ ఇవ్వదని ఎంత స్పష్టంగా రాసినా, సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు రుణం లేదు. ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, యజమాని పేరుంటే పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. నీళ్లలో దిగి నారు పీకినవాడికి ఏమీ పడదు. డ్రెయిన్ పూడితే మొదట మునిగేది పల్లపు చేను, పల్లపు చేను చేసేది ఎక్కువగా కౌలు రైతే.

6. చేను దాటి

కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ పరిసరాల్లో ఉప్పునీరు ఎక్కి మోడువారిన కొబ్బరి చెట్లను చాలామంది చూశారు. చెట్టు పోతే మళ్లీ కాపుకొచ్చేది ఆరేడేళ్లకు. చాలా ఊళ్లలో పేటలు డ్రెయిన్ గట్ల మీద, పల్లంలో ఉన్నాయి. వాన వెలిసినా ఆ ఇళ్లలో నీళ్లు తియ్యవు, మరుగుదొడ్డి పనిచెయ్యదు. మురుగు నిలిచినచోట దోమ, జ్వరం. మంచినీటి చెరువులు కాలువలు కట్టేముందే నింపుకోవాలి కాబట్టి, కట్టివేత తేదీ ముందుగా తెలియకపోతే ఆ చెరువూ సగమే నిండుతుంది.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటిస్తే దేశం మొత్తం ఇటు చూసింది. కారణాలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ పంట విరామం మాట వినబడింది. అన్నపూర్ణ అని పేరున్న నేలలో రైతు చేను బీడుపెట్టడం మామూలు సంగతి కాదు. ఇంతకంటే గట్టిగా చెప్పే భాష అతనికి లేదు.

ఇక మేం అడిగేవి. ఇవేవీ మీ అధికారానికి మించినవి కావు.

7. సభలో అడగండి, అడిగే తీరు మార్చండి

175 మంది సభలో మంత్రుల సంఖ్య 15 శాతం దాటకూడదని 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. అంటే ముఖ్యమంత్రితో కలిపి 26కి మించదు. మిగిలిన సుమారు నూట యాభై మందికి సభలో ఉన్న పెద్ద ఆయుధం ప్రశ్న. 2024లో ఉమ్మడి తూర్పు గోదావరిలో 19, పశ్చిమ గోదావరిలో 15, మొత్తం 34 స్థానాలూ కూటమికే వచ్చాయి. డెల్టా తరఫున ప్రతిపక్ష బెంచీలో కూర్చుని అడిగే శాసనసభ్యుడు ఒక్కరూ లేరు. కాబట్టి అడగాల్సిన బాధ్యత అధికారపక్ష సభ్యులైన మీ మీదే ఉంది. మన ప్రభుత్వాన్ని మనమే అడిగితే బాగుండదని మీలో కొందరు సంకోచించవచ్చు. రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) పార్టీ విప్‌ను కాదని ఓటేసినా, ఓటు మానుకున్నా వర్తిస్తుంది. ప్రశ్న వేసినందుకు వర్తించదు. మీలో మంత్రులైనవారు జవాబు చెప్పే చోట ఉన్నారు, అది ఇంకా మంచిదే.

ఎలా అడిగితే ఉపయోగమో ఒక ఉదాహరణ. "ఫలానా డ్రెయిన్ ఆధునికీకరణ ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా? ఉన్నచో ఎప్పటికి పూర్తగును?" అని అడిగితే "ఉన్నదండి, నిధుల లభ్యతను బట్టి చేపట్టబడును" అని వస్తుంది. "లేదండి" అని వస్తే రెండో భాగానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు". అక్కడితో అయిపోయింది. దాని బదులు ఇలా అడగండి:

(అ) ఫలానా డ్రెయిన్ డిజైన్ ప్రకారం అడుగు వెడల్పు, లోతు, పారుదల సామర్థ్యం ఎంత? ప్రస్తుతం ఒక్కో కిలోమీటరు దగ్గర ఎంత ఉంది?
(ఆ) గత మూడేళ్లలో దాని మీద మంజూరైన ప్రతి పనికీ అంచనా విలువ, పరిపాలనా ఆమోదం తేదీ, ఒప్పందం తేదీ, పని మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఏవి?
(ఇ) పనికి ముందు, తర్వాత తీసిన లెవెల్స్ సభ ముందు పెడతారా?
(ఈ) చెల్లించాల్సిన బిల్లులు ఎంత, ఎప్పటినుంచి?

దీనికి "పరిశీలనలో ఉంది" అన్న జవాబు కుదరదు. ఇలాంటి అంకెలకు లిఖితపూర్వక సమాధానం వచ్చే నక్షత్ర గుర్తు లేని ప్రశ్నే మేలు. సభలో నోటితో జవాబిచ్చే నక్షత్ర గుర్తు ప్రశ్నకు ప్రశ్నోత్తరాల గంటలోపు వంతు రాకపోతే సమాధానం సభకు సమర్పించినట్టే భావిస్తారు, అనుబంధ ప్రశ్నకు అవకాశం పోతుంది. ఇంకొక్క మాట: ఈ ప్రశ్న వానాకాలం సమావేశాల్లో వేస్తే పేపర్లో పేరొస్తుందంతే. శీతాకాలంలోనో బడ్జెట్ సమావేశాల మొదట్లోనో పడితే ఆ వేసవికే పని జరుగుతుంది. మోహన్ కందా కమిటీ సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో, ఏవి కాలేదో కూడా ఒక ప్రశ్నగా వేయండి.

8. హామీని వదలకండి

మంత్రి సభలో లేచి "చర్యలు తీసుకుంటాం" అంటే అది రికార్డుకెక్కిన హామీ. అలాంటివాటిని వెంటాడడానికే సభకు ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. వినతుల కమిటీ ఉంది. డ్రెయిన్ల గురించి ఇప్పటివరకు వచ్చిన హామీలను తారీఖులతో ఏరి హామీల కమిటీ ముందు పెట్టండి. కమిటీని వానాకాలంలో ఒకసారి పాటు సమయంలో, ఒకసారి పోటు సమయంలో మొగ దగ్గరికి తీసుకురండి. రెండు చూపులకీ ఉన్న తేడా ఏ నివేదికలోనూ కనబడదు.

9. బడ్జెట్ పుస్తకంలో రెండు పద్దులు

మురుగు నిర్వహణ ఖర్చు 2711 పద్దు కింద, కొత్త నిర్మాణం 4711 పద్దు కింద వస్తుంది. అంచనాలో వేసిన అంకె ఒకటి, సవరించిన అంచనా ఇంకొకటి, రెండేళ్ల వెనకటి వాస్తవ వ్యయం మూడోది. మూడు గడులూ పక్కపక్కనే ఉంటాయి. జలవనరుల గ్రాంటు మీద చర్చ వచ్చినప్పుడు మొదటి అంకెకు ధన్యవాదాలు చెప్పి కూర్చోకుండా మూడో అంకె చదవండి. తేడా ఎందుకొచ్చిందో అడగండి. డెల్టా డ్రెయిన్ల నిర్వహణకు విడిగా సొమ్ము కేటాయించి, ఫిబ్రవరి ఆఖరులోపు విడుదల ఉత్తర్వు ఇప్పించండి. రైతు నీటి తీరువా కడుతున్నాడు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల కోసం డ్రైనేజీ సెస్సు చట్టమే తెచ్చారు. మురుగు దారి కోసం ఈ నేల ప్రత్యేకంగా పన్ను మోసింది కూడా. కాబట్టి మేం దయ అడగడం లేదు.

10. మొగ నుంచి ఎగువకు, నియోజకవర్గాల హద్దు చూడకుండా

డ్రెయిన్ పని దిగువ నుంచి మొదలవ్వాలి. ఎగువ శాసనసభ్యుడికి పలుకుబడి ఉందని ఎగువ ఐదు కిలోమీటర్లు ముందు తవ్వితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా దిగువ ఊళ్ల మీద పడతాయి. ఎర్రకాలువ వరద యనమదుర్రులోకి దిగుతుంది. మెట్టలో వాన పడితే తాడేపల్లిగూడెం వైపు చేలు మునిగి, తర్వాత భీమవరం వైపు మట్టం పెరుగుతుంది. ఇది ఏ ఒక్క నియోజకవర్గం సమస్యా కాదు. ఒక్కో మేజర్ డ్రెయిన్‌కి దాని వెంట ఉన్న శాసనసభ్యులంతా ఒక్క జాబితా మీద సంతకం చెయ్యండి. సాగునీటి సలహా మండలి సమావేశం ఏటా సార్వాకు ముందు, దాళ్వాకు ముందు జరుగుతుంది. దాళ్వా సమావేశంలోనే కాలువల కట్టివేత తేదీ, ఆ వేసవిలో చేసే డ్రెయిన్ పనుల వరుస, రెండూ ఒకే మినిట్స్‌లో రాయించండి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఆ సంఘాల అధ్యక్షులను లెవెల్స్ తీసేటప్పుడు గట్టు మీద నిలబెట్టి ఎం-బుక్ చూపించాలని ఆదేశం ఇప్పించండి.

ఆక్రమణల సంగతి. డ్రెయిన్ హద్దులోకి జరిగిన చెరువు గట్లు మొదట తియ్యాలి. గట్టు మీద గుడిసెల జోలికి వెళ్లేముందు ఆ కుటుంబాలకు స్థలం చూపించి, పట్టా చేతికివ్వాలి. ఈ వరుస తలకిందులు కాకూడదు.

11. సిఫార్సు లేఖలు

డ్రెయిన్‌ని తెలుసుకోవడానికి ఇంజినీరుకి కనీసం రెండు సార్వాలు పడుతుంది. ఏ ఖానా దగ్గర డెక్క పడుతుందో, ఏ కోడు ఎదురు పారుతుందో కాగితంలో ఉండదు. అలా తెలుసుకున్న ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరుని) వేసవి మధ్యలో సిఫార్సు లేఖ మీద బదిలీ చేయిస్తే ఆ వేసవి పోయినట్టే. కనీసం మార్చి నుంచి జూలై దాకా డ్రెయిన్ల మీద పనిచేసేవాళ్ల బదిలీకి లేఖ ఇవ్వబోమని మాటివ్వండి. ఖాళీగా ఉన్న లస్కరు పోస్టుల కోసం ఇవ్వండి, ఎన్నయినా ఇవ్వండి.

12. చట్టం చెయ్యడం మీ పని

2019 చట్టంలో యజమాని సంతకం షరతు తీసెయ్యాలి. గ్రామసభలో చదివి, అభ్యంతరాలకు గడువిచ్చి, ఈ-పంట నమోదును, ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యాన్ని బట్టి సాగుదారుడి కార్డు ఇవ్వవచ్చు. భూమి హక్కుకు ఎలాంటి భంగమూ రాదన్న మాట కార్డు మీదే అచ్చువేస్తే యజమాని భయమూ తగ్గుతుంది. పరిహారం సాగుదారుడి ఖాతాకే వెళ్లాలి. ప్రభుత్వం బిల్లు తేకపోతే మీలో ఒకరు ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టండి. అది నెగ్గకపోయినా, ఎవరు ఏం మాట్లాడారో రికార్డులో ఉంటుంది.

13. ఏటా జూన్ 1న ఒక కాగితం

సభకు ఎన్ని రోజులు వెళ్లారు, డ్రెయిన్ల మీద ఎన్ని ప్రశ్నలు వేశారు, ఏ జవాబు వచ్చింది, మీ నియోజకవర్గంలో ఏ డ్రెయిన్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తవ్వారు, ముందు లెవెల్ ఎంత, తర్వాత లెవెల్ ఎంత. ఒక్క పేజీ చాలు. ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు ప్రకటించే అధికారం 190వ అధికరణం సభకు ఇచ్చింది. ప్రజలు అడిగేది అంతకంటే చిన్నది: వెళ్లిన రోజుల్లో మా గురించి ఏం జరిగిందో చెప్పమంటున్నాం.

వచ్చే సాగునీటి సలహా మండలి సమావేశంలోగా మీలో ప్రతి ఒక్కరి నుంచీ లిఖితపూర్వక జవాబు కావాలి. అందులో మీ నియోజకవర్గంలోని డ్రెయిన్ల పేర్లు, ఒక్కోదానికి అంచనా తయారయ్యే తేదీ, ఒప్పందం కుదిరే తేదీ ఉండాలి. వచ్చిన జవాబులను వచ్చినవి వచ్చినట్టు, రాని జవాబుల దగ్గర పేరు మాత్రం రాసి, ఊరూరా పంచాయతీ నోటీసు బోర్డు పక్కన పెడతాం.

ఇట్లు,
గోదావరి డెల్టా మురుగు కాలువల వెంట ఊళ్ల రైతులు, కౌలు రైతులు